టవలు చూసి రమ్మంటే

మార్కెట్లో నన్ను తూకం బాబాయ్ అంటారు. టవలు చేతిలో పెడితే చాలు, ఎన్ని గ్రాములో చెప్పేస్తాను. తర్వాత త్రాసులో వేసి చూసుకున్నా అయిదారు గ్రాములకి మించి తేడా రాదు. ఇది గొప్ప కాదు, అలవాటు. ముప్పై ఏళ్ళు ఒకే సరుకు పట్టుకు కూర్చుంటే ఎవరి చెయ్యయినా త్రాసే అవుతుంది.

చేతికి పట్టిన అలవాటు బుర్రకీ పట్టింది. ఎవరైనా తియ్యగా మాట్లాడితే అందులో నీళ్ళెన్ని, నూలెంత అని చూస్తాను. తడిసిన టవలు ఎప్పుడూ ఎక్కువే తూగుతుంది, ఆరాక గానీ అసలు బరువు తెలీదు. మా పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు. అందులో నిద్ర తీసేసి, కొట్లో పక్కపక్కన నిలబడ్డ గంటలు తీసేసి చూస్తే, నేనూ మా ఆవిడా తీరిగ్గా ఎదురెదురుగా కూర్చున్నది మొత్తం మీద రెండేళ్ళు తేలుతుంది. ఈ లెక్క ఒకసారి ఆవిడకి చెప్పాను. "ఆ రెండేళ్ళలో మీరు లెక్కలు చెప్పిన టైం కూడా తీసెయ్యండి, ఏం మిగుల్తుందో చూద్దాం" అంది.

మా కొట్టు ఆవిడదీ నాదీ. సరుకు ఎంచడం నా వంతు, అమ్మడం ఆవిడ వంతు. నేను మనిషితో మాట్లాడితే వచ్చినవాడు ఆలోచించుకుని రేపొస్తానంటాడు. ఆవిడ మాట్లాడితే ఒకటి కొందామని వచ్చినవాడు మూడు పట్టుకెళ్తాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ వారం జరిగింది ఎంత విడ్డూరమో తెలియడానికి.

సోమవారం ఇద్దరమ్మాయిలు వచ్చారు, వ్యాయామశాల నుంచి తిన్నగా, జుట్టింకా తడిగానే ఉంది. "అంకుల్, ఆ సినిమాలో టవలుందా?" అన్నారు.

"ఏ సినిమా?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. "అదే అంకుల్, ఈతకొలను సినిమా. అందులో వాడు కట్టుకుంటాడు చూడండి, పెద్దది, మందంగా ఉంటుంది."

"ఏ రంగు?"

"పసుపు" అంది ఒకమ్మాయి.

"పసుపేంటే నీ మొహం, లేతాకుపచ్చ" అంది రెండోది.

మంగళవారం ఇంకో నలుగురు వచ్చారు. అందులో ఒకాయన మధ్యవయసు మనిషి, భార్య పంపిందట. ఆయన ముదురు నీలం అన్నాడు, అదీ గొంతు తగ్గించి, ఏదో మందు అడిగినట్టు. బుధవారం పొద్దున్నే మిల్లు ఏజెంటు ఫోను చేశాడు.

"బాబాయిగారూ, మంచి మందం, పెద్ద సైజు, మూడు లాట్లున్నాయి. ఒకటి పసుపు, ఒకటి లేతాకుపచ్చ, ఒకటి ముదురు నీలం. లారీ ఇవాళ నాలుగున్నరకి కదులుతుంది. ముందు మీకే చెబుతున్నా. మీ గోడౌనులో ఒక్క లాటే పడుతుంది, ఏ రంగో చెప్పండి. మీరు మాట్లాడకపోతే ఎదురుకొట్టు ఆయన్ని అడుగుతా."

ఎదురుకొట్టు అంటే మా కొట్టుకి సరిగ్గా రోడ్డవతల. ఆ కొట్టాయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. సరుకు చూడడు, పట్టుకోడు, కొనేస్తాడు. అమ్మేస్తాడు కూడా. అదే నాకు మంట.

మా ఆవిడ అంతా విని అంది: "అడిగేవాళ్ళు రోజురోజుకీ పెరుగుతున్నారు. రంగు తప్పితే ఏడాదంతా ఆ లాటు మన మెడకే. వెళ్ళి సినిమా చూసి రండి. పదిన్నరకి ఆట ఉంది, రెండు వీధుల అవతలే."

"నేనా? అలాంటి సినిమాకా?"

"సినిమా చూడమనట్లేదు. టవలు చూసి రమ్మంటున్నా."

ఆవిడ రానంది. ఎందుకు రానందో నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట ఇద్దరం ఒక సినిమాకి వెళ్ళాం. అందులో తల్లి చనిపోతుంది. హాలు హాలంతా ముక్కు చీదుతోంది. మా ఆవిడ పమిట కొంగు తడిసిపోయింది. అప్పుడు నేను వంగి ఆవిడ చెవిలో, "ఆ కప్పిన దుప్పటి కాటన్ కాదే, పాలిస్టరు" అన్నాను. ఆవిడ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆవిడ సినిమాలు చెల్లెలితోనే. నేను నిజమే చెప్పాను కదా అని చాలాకాలం అనుకున్నాను. నిజం చెప్పినా నష్టమే వచ్చింది.

జేబులో షేడు కార్డు పెట్టుకున్నాను. అంటే నలభై రంగుల నూలు ముక్కలు వరసగా అంటించిన అట్ట, మా వ్యాపారంలో కళ్ళజోడు లాంటిది. ఇంకో జేబులో చిన్న టార్చి. తెరమీద రంగు కనపడగానే కార్డు మీద వెలుగు వేసి పోల్చి, నంబరు గుర్తుపెట్టుకుని, వచ్చెయ్యడం. పావుగంట పని. అలా అనుకునే వెళ్ళాను.

హాల్లో నలభైమంది ఉన్నారు, అందులో ముప్పై అయిదుమంది ఆడవాళ్ళు. తేలు కుట్టిన దొంగలా గోడ పక్కకి వెళ్ళి కూర్చున్నాను. నా పక్క సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్ళో పాప్‌కార్న్ డబ్బా, కాళ్ళు చాపుకుని, సొంతిల్లులా కూర్చుంది.

సినిమా మొదలైంది. రెండు ఈత క్లబ్బులు. ఒక క్లబ్బు కొలను పగిలి మరమ్మతుకి వెళ్తుంది. అందుకని రెండు క్లబ్బులకీ ఒకటే కొలను. అమ్మాయి ఈతజట్టు కెప్టెను, మెళ్ళో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. అబ్బాయి ఎత్తు బల్ల మీంచి నీళ్ళలోకి దూకేవాడు. కొలను మధ్యలో తాడు కట్టి ఇటు మాది, అటు మీది అని పంచుకుంటారు. మొదటిరోజే వాడు దూకితే నీళ్ళు ఎగిరి ఆ అమ్మాయి కాగితాలన్నీ తడిసిపోతాయి. ఆ అమ్మాయి ఈల ఊదుతుంది. వాడు నీళ్ళలోంచి పైకొస్తాడు. నడుముకి టవలు చుట్టుకుంటాడు.

చటుక్కున కార్డు తీసి టార్చి వేశాను.

"ఏమిటయ్యా ఆ లైటు?" అంది పక్కావిడ.

"రంగు చూస్తున్నానండి. టవలు రంగు."

ఆవిడ పాప్‌కార్న్ నమలడం ఆపి నావైపు తిరిగింది. "ఏం చూస్తున్నావూ?"

"టవలండి. మాది టవళ్ళ కొట్టు."

"నాయనా, ఆ టవలు పైనున్నది చూడటానికి జనం ఎగబడి వస్తుంటే, నువ్వు టవలు చూడటానికొచ్చావా?" అని నా చేతిలో టార్చి లాక్కుని తన సంచిలో పడేసింది. "సినిమా అయ్యాక ఇస్తా. నేను ముప్పై ఆరేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేశా. మనుషుల వీపులు నాకేం కొత్త కాదు. అయినా ఇది నాలుగోసారి. నోరు మూసుకుని చూడు."

నర్సులు చెబితే వినడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు కదా. నోరు మూసుకున్నాను. టార్చి లేకపోతేనేం, తెర వెలుగు ఉంది, మళ్ళీ టవలు వస్తుంది, చూద్దాంలే అనుకున్నాను.

వచ్చింది. ఎన్నిసార్లు వచ్చిందో! ఆ సినిమాలో వాడు చొక్కా వేసుకున్నది రెండేసార్లు, అందులో ఒకసారి గుండీలు పెట్టుకోడు. కానీ అప్పటికి వాళ్ళిద్దరూ పందెం కాశారు. ఈతలో ఆ అమ్మాయి గెలిస్తే వాడు నెల్లాళ్ళు ఆ జట్టు టోపీలన్నీ ఉతకాలి, వాడు గెలిస్తే ఆ అమ్మాయి ఎత్తు బల్ల ఎక్కి దూకాలి. వాడు ఓడిపోయాడు. టోపీలు ఉతుకుతూ ఒకటి తన నెత్తికి పెట్టుకుంటే అది ఊడి రాదు. ఆ అమ్మాయి వచ్చి రెండు చేతులా పట్టుకుని లాగుతుంది. లాగుతూ లాగుతూ దగ్గరికి వచ్చేస్తుంది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. టోపీ ఊడింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. నేను బిగ్గరగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడింది.

"ఇది చాలదు, ముందుంది చూడు" అంది నర్సమ్మ, నా ఒళ్ళో గుప్పెడు పాప్‌కార్న్ పోస్తూ.

కథలో పస ఎంత అని ఎవరైనా అడిగితే ఇప్పుడూ చెబుతాను: ఏం లేదు. ఏ శిక్షకుడూ అలాంటి ఆటగాణ్ణి రెండో రోజు ఉంచడు. పందెంలో ఈదుతూ ఈదుతూ వెనక్కి తిరిగి నవ్వేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఆవిరిగది తలుపు సరిగ్గా ఆ ఇద్దరూ లోపలున్నప్పుడే బిగుసుకుపోతుందా? బయట నలుగురున్నారు, ఒక్క కేక వేస్తే వస్తారు. నువ్వు పిలు అంటే నువ్వు పిలు అని దెబ్బలాడుకుంటారు తప్ప ఒక్కరూ పిలవరు. అటు బల్ల మీద ఆ అమ్మాయి, ఇటు బల్ల మీద వీడు, మధ్యలో ఆవిరి. మెడ మీంచి చెమట బొట్టు జారుతుంటే కెమెరా దాని వెంటే వెళ్తుంది, తొందరేం లేకుండా. తర్వాత మధ్యలో ఆవిరి మిగల్దు, జాగా కూడా మిగల్దు. తూస్తే గ్రాము బరువు లేని సరుకు. కానీ రెండు గంటల ఇరవై నిమిషాలు నేను తూయలేదు. ఆ సంగతి బయట ఎండలోకి వచ్చి, నర్సమ్మ టార్చి చేతిలో పెట్టి, "రంగు చూశావా నాయనా?" అని అడిగినప్పుడు గానీ తెలీలేదు.

చూడలేదు.

విశ్రాంతి తర్వాత తప్పకుండా చూద్దామనుకున్నాను. ఆవిరిగదిలో చూద్దామనుకున్నాను. ఆఖరి పోటీలో గట్టు మీద వరసగా పది టవళ్ళు ఆరేసి ఉన్నాయి, అది మాత్రం గుర్తుంది. ఏ రంగో గుర్తులేదు. ముప్పై ఏళ్ళలో నా కంటి ముందు అన్ని టవళ్ళు కదిలి ఒక్కటి కూడా లోపలికి వెళ్ళకపోవడం ఇదే మొదటిసారి.

కొట్టుకి వచ్చేసరికి ఒంటిగంట. మా ఆవిడ ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఏ రంగు?"

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. చూడలేదంటే ఆవిడ దగ్గర పరువేముంటుంది? మార్కెట్లో ఏముంటుంది? తూకం బాబాయ్ సినిమాకెళ్ళి గుడ్లప్పగించి కూర్చున్నాడట అని రోడ్డవతల వాడు పదిమందికి చెప్పి నవ్వడూ? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, "పసుపు" అన్నాను.

ఆవిడ ఫోనెత్తింది. నంబరు నొక్కుతూ, "అంచుందా?" అంది.

"ఉంది."

"వెడల్పెంత?"

"ఉంటుంది... మామూలుగా."

ఆవిడ వేలు ఆగింది. నేను ఏ టవలు గురించీ "మామూలుగా" అని చెప్పడం ఆవిడెప్పుడూ వినలేదు.

"నూలు లూపులు ఒకవైపా, రెండువైపులా?"

"ఒక... రెండువైపులా."

"సినిమా బాగుందా?" అంది, అదే గొంతుతో.

"చాలా బాగుందే!" అనేశాను.

ఫోను బల్ల మీద పెట్టేసింది. నేను గుక్కెడు మంచినీళ్ళు తాగాను. ఒక లాటు సరుకు తప్పు రంగులో దిగితే గోడౌను నిండిపోతుంది. ఏడాది తిరిగినా తరగదు. నా పరువు కోసం అంత జాగా ఇవ్వడం తెలివితక్కువ. చెప్పేశాను.

"నిజం చెప్తున్నా. చూడలేదు."

"కనపడలేదా?"

"కనపడింది. చూడలేదు."

"చీకట్లో చెయ్యి పెట్టి గ్రాములు చెప్పే మనిషికి, రెండున్నర గంటలు కళ్ళెదురుగా వేలాడిన టవలు కనపడి చూడలేదా! చూసి రమ్మంటే కాల్చి రావడం విన్నాను గానీ, చూసి రమ్మంటే చూడకుండా రావడం ఇదే వినడం." కోపంగా ఉందో, నవ్వు ఆపుకుంటోందో నాకు తెలీలేదు. గడియారం చూసింది. "రెండుంపావుకి ఇంకో ఆట ఉంది. నేనూ వస్తా. మీరొక్కరూ వెళ్తే మళ్ళీ ఇదే కథ. రంగు కనపడగానే బయటికొచ్చి ఫోను చేసేద్దాం. నాలుగు దాటకూడదు. షట్టరు దించండి."

పట్టపగలు మా షట్టరు దిగడం ఎవరూ చూసి ఎరగరు. రోడ్డవతల నుంచి ఎదురుకొట్టు ఆయన కేకేశాడు. "ఏం బాబాయ్! పిన్నిగారికి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది, మార్కెట్ పని మీద వెళ్తున్నాం" అంది మా ఆవిడ.

"పౌడరు రాసుకుని మరీ మార్కెట్ పనా పిన్నీ?"

"నువ్వు కొట్టు చూసుకోవయ్యా. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

హాల్లో కూర్చోగానే ఆవిడ హెచ్చరించింది. "మీరు మనుషుల్ని చూడొద్దు. గుడ్డ మాత్రమే చూడండి. మనుషుల సంగతి నేను చూసుకుంటా."

అదీ సబబుగానే తోచింది. పొద్దున నన్ను ముంచింది వాళ్ళ మొహాలే. వాడు కనుబొమ్మ ఎగరేసినా, ఆ అమ్మాయి పెదవి కొరుక్కున్నా నా బుద్ధి అటే పోయింది. అందుకని షేడు కార్డు కంటికి దగ్గరగా పట్టుకుని, తెర పైభాగం కనపడకుండా అడ్డం పెట్టుకున్నాను. మొహాలు పోయాయి. మెడ కిందనుంచి కనపడుతోంది.

కాసేపటికి మోచేత్తో పొడిచింది. "ఏమిటండీ ఇది? మొహాలు మూసేసి మిగతాదంతా తేరిపార చూస్తున్నారు! వెనకవాళ్ళు ఏమనుకుంటారు?"

"నువ్వేగా గుడ్డ చూడమన్నావ్."

"గుడ్డ ఎక్కడుందండీ అక్కడ, ఉన్నదే మూరెడు!"

ఆ మూరెడు చూశాను. పసుపు. నంబరు పదిహేడు, అనుమానం లేదు. సరే, వెళ్దామా అనబోయేలోగా వాడు గట్టు దిగి రెండడుగులు వేశాడు. అదే నడక, అదే మాట, జుట్టులోంచి అవే నీళ్ళు కారుతున్నాయి. టవలు లేతాకుపచ్చ. నేను కళ్ళు నులుముకున్నాను. ఆ అమ్మాయి ఈల ఊదింది. వాడు వెనక్కి తిరిగాడు. ముదురు నీలం.

ముగ్గురూ నిజమే చెప్పారన్నమాట. సినిమా తీసినవాళ్ళు ఒక్కో రోజు ఏ టవలు చేతికొస్తే అది కట్టేశారు. ఇన్ని వేలమంది చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు. పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా కన్ను నాకు తిరిగొచ్చిందని ఎంత గర్వం వేసిందో! వెంటనే వంగి ఆవిడ చెవిలో చెప్పాను. "ఏమే, మూడు రంగులూ ఉన్నాయి! ఒకే సీన్లో మార్చేశారు!"

"ఎవడిక్కావాలి, జరగండి" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

టోపీ ఉతికే ఘట్టం వచ్చింది. ఆవిడ నవ్వు మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత నా భుజం పట్టుకుని వంగిపోయి నవ్వింది. ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. పదకొండేళ్ళుగా ఈ నవ్వు ఆవిడ చెల్లెలి పక్క సీటుకి వెళ్తోంది. నేను కార్డు జేబులో పెట్టేశాను.

నాలుగయింది. "వెళ్దామా?" అన్నాను.

"అయిదు నిమిషాలు."

నాలుగూ అయిదు. "ఇప్పుడు ఆవిరిగది వస్తుంది, నేను చూసేశా, దార్లో చెప్తాలే" అన్నాను.

"చెప్తారా? మీరా?" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది ఆపడానికి పట్టుకోవడమో, ఊరికే పట్టుకోవడమో నేను అడగలేదు.

తలుపు బిగుసుకుంది. నువ్వు పిలు, నువ్వు పిలు. ఆవిరి. ఏం జరుగుతుందో నాకు పొద్దుటే తెలుసు. అయినా ఊపిరి బిగబట్టాను. సరిగ్గా ఆ చెమట బొట్టు మెడ మీంచి బయల్దేరిన క్షణాన నా జేబులో ఫోను గిలగిల్లాడింది.

ఏజెంటు. నాలుగుంపావు.

వెనక వరసలోంచి ఒక గొంతు వినపడింది. "ఎవరండీ అది? బొట్టు జారుతుంటే ఫోనేమిటి?"

మా ఆవిడ నావైపు చూసింది. చూసి, మళ్ళీ తెరవైపు తిరిగింది. ఆ బొట్టు ఇంకా కాలర్‌బోను దాకా రాలేదు.

నేను లేచి వరండాలోకి వెళ్ళి ఒక్క ముక్క చెబితే చాలు. ఏ రంగయినా ఫరవాలేదని తెలిసిపోయింది కూడా. అలా అయితే ఒక రంగు లాటు కోసం పరుగెత్తడం దండగని, మనక్కావలసింది మూడు రంగులూ కొంచెం కొంచెమని, నిలకడగా లెక్క వేసి ఉంటే తేలేదేమో. తర్వాత చాలామందికి అలాగే చెప్పుకున్నాను, ఆలోచించే ఫోను తియ్యలేదని. అది అబద్ధం. నేను ఏ లెక్కా వెయ్యలేదు. జేబులో చెయ్యిపెట్టి ఫోను నొక్కి పడేశాను. బొట్టు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి, అంతే.

వచ్చింది. ముద్దు పెట్టుకున్నారు. హాలంతా ఈలలు వేశారు. మా ఆవిడ వెయ్యలేదు గానీ వేళ్ళు నోటి దాకా వెళ్ళాయి, నేను చూశాను.

ఆఖరున వాడు తన పోటీ వదిలేసి ఎత్తు బల్ల మీంచి ఆ అమ్మాయి ఈదే వరసలోకే దూకుతాడు. ఆ అమ్మాయి అప్పటికే గోడ ముట్టుకుని గెలిచేసింది. నీళ్ళలోంచి వీడి తల తేలుతుంది. న్యాయనిర్ణేతలంతా ఈలలూదుతూ గట్టు మీద పరుగులు. నాలుగేళ్ళ సాధన ఒక్క దూకుడులో నీళ్ళపాలు. అంతమంది ఎదురుగా వాడికి ఆ అమ్మాయి తన మెళ్ళో ఈల తీసి వేస్తుంది. మేం చప్పట్లు కొట్టాం. సినిమా హాల్లో చప్పట్లు కొట్టడం అర్థంలేని పని, కొట్టినట్టు అవతలివాడికి తెలీదు. అయినా కొట్టాం.

బయటికొచ్చి ఫోను చేశాను. నాలుగూ నలభై రెండు.

"బాబాయిగారూ, ఎంతసేపు చూశాను మీకోసం! ఎదురుకొట్టు ఆయన మూడు లాట్లూ తీసేసుకున్నాడు. లారీ కదిలింది."

ఫోను పెట్టేశాను. మా ఆవిడకి చెప్పాను. ఏదో అంటుందని మెడ ముందుకు వంచుకునే నిలబడ్డాను.

"మూడూనా?" అంది.

"మూడూ."

"సర్లెండి." చెప్పు సరిచేసుకుంటూ నాలుగడుగులు వేసింది. "అది కాదు, ఆవిరిగదిలో ముందు దగ్గరికి జరిగింది ఆ పిల్లా, వాడా?"

"వాడే."

"ఎక్కడ వాడు? ఆ పిల్లే. మోకాలు ముందు కదిలింది ఆ పిల్లదే."

"రెండుసార్లు చూసినవాణ్ణి నేను!"

"చూశారు, ఒకసారి కార్డు అడ్డం పెట్టుకుని!"

కొట్టు తెరిచేదాకా తెగలేదు. తెరిచాక కూడా తెగలేదు.

నష్టం ఎంతంటే బాగానే వచ్చింది, దాచడమెందుకు. ఎదురుకొట్టు ముందు పెద్ద అక్షరాలతో 'సినిమా టవలు ఇక్కడే' అని అట్ట వేలాడింది. పసుపు కావాలన్నవాళ్ళకి పసుపు, ఆకుపచ్చ అన్నవాళ్ళకి ఆకుపచ్చ. సరుకు చూడకుండా, సినిమా చూడకుండా, మూడూ కొన్నవాడు గెలిచాడు. నేను రెండుసార్లు చూసి ఒక్కటీ కొనలేదు. మా దగ్గర ఉన్న సరుకు మామూలు వేగంతో మామూలుగా కదిలింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారం ఇంకేదో బంతాట సినిమా వస్తోందని మాత్రం అంది.

శనివారం మధ్యాహ్నం ఎదురుకొట్టు ఆయన రోడ్డు దాటమని చెయ్యూపాడు. వెళ్ళాను. ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. వాడి కళ్ళ కింద నల్లగా ఉంది. చేతులు మాత్రం ఆగకుండా మడతలు పెడుతున్నాయి.

"బాబాయ్, ఒక్క మాట. అందరూ ఆ సినిమా ఆ సినిమా అంటారు, టవలు ముట్టుకోగానే కిసుక్కున నవ్వుతారు. నేనేమో పొద్దుట్నుంచి రాత్రిదాకా మడతలు పెట్టడమే. టవలు సంగతి తప్ప ఒక్క ముక్క తెలీదు. మీరు రెండుసార్లు చూశారట. అసలేముంది అందులో?"

"టవలు గురించి అడక్కు, నాకు తెలీదు" అన్నాను. "రెండు క్లబ్బులు. ఒకే కొలను."

"అయితే?"

"మధ్యలో తాడు."

వరసలో నిలబడ్డ అమ్మాయి, "ముందు ఆ కాగితాలు తడిసేది చెప్పండి అంకుల్" అంది. ఆ వెనకాయన, గొంతు తగ్గించి నీలం అడిగినాయనే, "తాడు తర్వాతేనండీ కాగితాలు" అన్నాడు, ఈసారి గట్టిగానే. మూడో ఆవిడ కాదంది. ఎదురుకొట్టు ఆయన మడతపెట్టడం ఆపి, బల్ల మీద మోచేతులాన్చి వింటున్నాడు. ఎవరూ ఏమీ కొనట్లేదు.

నేను టోపీ దాకా వచ్చాను. చెబుతుంటే నాకే తెలుస్తోంది, సరిగ్గా రావట్లేదు. ఆ అమ్మాయి లాగడం, వాడి చూపు, అవన్నీ నా నోట్లో గ్రాముల లెక్కలా పడుతున్నాయి.

"అలాక్కాదండీ!" రోడ్డవతల నుంచి కేక. మా ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. "ఆగండి, ఆవిరిగది మాత్రం మీరు చెప్పకండి! నేనొస్తున్నా!"

కొట్లో ఉన్న ఇద్దరు కొనుగోలుదార్లని కూడా వెంటేసుకుని, అటూ ఇటూ చూసి, రోడ్డు దాటుతోంది.